పదకొండో నెంబరు

కోటబొమ్మాళి అనగానే ఈమధ్య జనానికి పోలీస్‌స్టేషన్ సినిమా గుర్తొస్తోంది గానీ, మా ప్రాంతం వాళ్ళని కదిపి చూడండి, ముందు గాలివాన సంగతే ఎత్తుతారు. ఊళ్ళోంచి సముద్రం కనబడదు. అయినా ఆశ్వయుజం వచ్చిందంటే అందరి చెవులూ తూర్పు దిక్కుకే.

పూర్వం తుపాను కబురు రేడియో చెప్పేది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో మూడో నెంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే, “ఏటర్రా, మూడేనా!” అని తేలిగ్గా తీసేసేవారు. ఏడంటే గడ్డివాములకి తాళ్ళు బిగించేవారు. పదంటే ఇహ దేవుడి మీదే భారం. మరి పదకొండో? పదికంటె పెద్ద తుపాననుకునేరు! కాదు. హెచ్చరికలిచ్చే ఆఫీసుతో రేవుకి సంబంధాలు తెగిపోయాయని దానర్థం. గాలికంటె కబురు లేకపోవడమే ఎక్కువ ప్రమాదమని ఆ అంకె పెట్టినవాళ్ళకి బాగా తెలుసన్నమాట.

ఈ కబురు వెనక మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. గోడే వెంకట జగ్గారావుగారని విశాఖపట్నం జమీందారు. మద్రాసు వేధశాలలో టేలర్ దొర దగ్గర ఖగోళం నేర్చుకొచ్చి, 1840లో విశాఖలోని డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో వేధశాల కట్టించారు. జమీందార్లు మేజువాణీలకి ఖర్చుపెట్టే రోజుల్లో ఈయన దూరదర్శినికి ఖర్చుపెట్టారు. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు సర్కారు ఉద్యోగం వదులుకుని మరీ వేధశాల బాధ్యత నెత్తికెత్తుకున్నారు. 1868లో సూర్యగ్రహణాన్నీ, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగిపోవడాన్నీ పరిశీలించారు. ఇవి పేరు తెచ్చే పనులు. పేరు తేని పని ఇంకొకటి ఉంది: రోజూ భారమితి చూడడం, ఎండ, వాన, గాలి లెక్కరాయడం. నిన్నటి అంకె, ఇవాళ్టి అంకె, రేపటి అంకె. ఇంతకంటె విసుగు పుట్టించే ఉద్యోగం లోకంలో ఉండదేమో!

కాని ఆ అంకెలు లేకపోతే తుపాను జాతకం ఎవరు రాస్తారు? మన దేశంలో వాతావరణ శాఖ పుట్టింది 1875లో. మర్నాడే పరీక్ష పెట్టినట్టు 1876 అక్టోబరులో రెండు తుపాన్లొచ్చాయి. ఒకటి విశాఖపట్నం మీదికి, రెండోది నెలాఖరున బెంగాల్లోని బాకర్‌గంజ్ మీదికి. ఆ రెండో దానిలో లక్షలాది జనం సముద్రప్పొంగుకి బలైపోయారు. జాన్ ఎలియట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ రెండింటి చరిత్రా కలిపి 1877లో నివేదిక వేశాడు. తుపాను దాటిపోయాక దాని అడుగుజాడలు వెతకాలంటే ఓడల పుస్తకాలూ, ఒడ్డున ఉన్నవాళ్ళు రాసిపెట్టిన భారమితి లెక్కలే ఆధారం.

దాటిపోయాక కాదు, వస్తుండగానే చూడాలి గదా! ఆ సరదా 1970లో తీరింది. తుపాన్ల జాడ పట్టే రాడార్ దేశంలో మొదట వెలసింది విశాఖలోనే. తరవాత పైనుంచి ఉపగ్రహాలూ కాపలా కాశాయి.

2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక, పాకిస్తాన్ వారు పెట్టిన పేరు. తెల్లవారుజామున గంటకి 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటింది. ముందుగానే కబురందింది కాబట్టి ఒడ్డునున్న వాళ్ళని తరలించగలిగారు. అంతటితో అయిపోలేదు. తీరం దాటాక చప్పబడవలసింది, ఈశాన్యానికి మళ్ళుకుంది. కుండపోత వానకి పక్కనే ఒరిస్సాలోని గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ఎందరో చనిపోయారు. మనకి భయమల్లా కడలి మీదే. కొండ సంగతి ఎవరు తలుచుకుంటారు?

ఇక మా ఉద్దానం. మనుషులు బతికి బట్టకట్టారు, కొబ్బరితోటలు నేలకొరిగాయి. నెంబరు వినబడితే మనిషి పిల్లల్ని చంకనేసుకుని లేచిపోతాడు. చెట్టెక్కడికి పోతుంది? మళ్ళీ మొక్క నాటి కాపు చూడాలంటే అయిదారేళ్ళు.

అందుకే అంటాను, వాతావరణ శాస్త్రం రాడార్లతోనే అయిపోదు. మండలాఫీసు ఆవరణలో వాన కొలిచే గొట్టం ఒకటుంటుంది. రోజూ ఉదయం 8-30కి ఎవరో ఒకరు వెళ్ళి అందులో నీళ్ళు కొలిచి రాస్తారు. ఒక మిల్లీమీటరంటే చదరపు మీటరు నేలమీద ఒక లీటరు నీళ్ళు. రేపు కరువు మండలం అనాలన్నా, వాన దంచేసిందనాలన్నా పెద్దవాళ్ళు తిరగేసేది ఆ పుస్తకమే. గొట్టంలో ఆకు పడినా, దానిమీద చెట్టుకొమ్మ కమ్మినా, కొలవకుండా “నిన్నటంతే” అని రాసేసినా, దెబ్బ తగిలేది రైతుకి. నరసింగరావుగారి విసుగు పుట్టించే ఉద్యోగం ఇంకా మన మధ్యే ఉంది. ఈసారి ఆ ఆఫీసు మీదుగా వెళ్ళినప్పుడు గొట్టం వైపు ఓసారి చూడండి. దాన్నానుకుని సైకిలు నిలబెట్టిన వాడెవడైనా కనబడితే, కాస్త పక్కకి తియ్యమనండి.