ఆబిడ్సు వీధిలో పాతచీరల మేజోళ్ళు

హైదరాబాదు ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులో ప్రభువు ఉడుపులకును, పాదరక్షలకును, గడియారములకును కాపరియై మెలగిన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మేనియను ఇచ్చట నొక పెద్ద అంగడి తెఱచుటచేతనే ఈ ప్రాంతమున కాతని పేరు నిలిచినది. ఒకమాఱు ధరించిన వస్త్రమును మఱల ధరింపని దొర యని మహబూబును గూర్చి నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. ఆయన విడిచిన వస్తువులే సేవకుని చేతబడి, అంగడి చేరి, క్రొత్తవై తిరిగి దేవిడీకే అమ్ముడువోయెడివని దానికి తోక యొకటి. ఇందులో పాలెంతయో నీళ్లెంతయో తేల్చుట నా పని కాదు గాని, పాతబట్టకు రెండవ బ్రతు కిచ్చు విద్యను గూర్చి వ్రాయబూనినవానికి ఇంతకన్న తగిన వీధి దొరకదు.

కానుకలకై పిల్లలు పండుగ ముందురాత్రి వ్రేలాడదీయు క్రిస్మసు మేజోడు ఈ వీధికి బడుల వెంటను గుడుల వెంటను వచ్చినది. 1834లో వెలసిన సెయింట్ జార్జి గ్రామరు పాఠశాలయు, 1875 క్రిస్మసునాడు ద్వారములు తెఱచిన గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథడ్రలును, 1895లో అమెరికా మెథడిస్టులు చాపెల్ రోడ్డున నెలకొల్పిన స్టాన్లీ బాలికల పాఠశాలయు, 1907 నాటి నాంపల్లి స్టేషనును, కొలదిపాటి నడకలో ఒకదాని కొకటి అందునంత దగ్గరగా నున్నవి. దొరల ఇండ్లలోని పండుగ ముచ్చటలు ఆంగ్లో-ఇండియను కుటుంబముల మీదుగా తెలుగు, తమిళ క్రైస్తవుల గడప లెక్కుటకు ఈ సామీప్యమే చాలును. దానికి తోడు, ఆ కాలపు మిషను బాలికల బడులలో చదువుతోపాటు సూదిపనియు నొక పాఠమే.

నాలుగవ శతాబ్దమున మైరా పట్టణపు బిషప్పు నికొలాసు, కూతుండ్రు మువ్వురకు కట్న మియ్యలేక క్రుంగుచున్న పేదవాని యింట రాత్రివేళ బంగారము జాఱవిడువగా, అది పొయ్యికడ ఆఱవేసిన మేజోటిలో పడెనని పాశ్చాత్యుల ఐతిహ్యము. (కట్నపు బాధ మనకే సొంతమనుకొనువారు ఈ కథను చెవినిడవలెను.) 1823లో న్యూయార్కు రాష్ట్రపు పత్రిక యొకటి ప్రచురించిన పద్యముతో మేజోడు వ్రేలాడదీయు ఆచారము ఇంటింటి వేడుక యగుటకు ఊపు వచ్చినది. ఆ దేశములలో పిల్లలు మొదట వ్రేలాడదీసినది తాము తొడుగు మేజోడే. అది మోకాలి దాక వచ్చు ఉన్ని నేత గనుక ఎంత పోసిన నంత సాగును.

ఆబిడ్సు ఇండ్లలో ఆ పొయ్యియు, ఆ ఉన్ని మేజోడును లేవు. చలి కాచుకొను గూడు గోడలో లేదు. బడి బూట్లలోనికి తొడుగు పొట్టి నూలు మేజోటిలో నారింజపండైన పట్టదు. మంచపు కోడుకో కిటికీ ఊచకో దిండు గలీబు కట్టి ఆంగ్లో-ఇండియను పిల్లలు కొందఱు పని జరుపుకొనిరి. తక్కిన యిండ్లలో మేజోడు కుట్టక తప్పలేదు. కుట్టుటకు క్రొత్త బట్ట తెచ్చుట దుబారా. బొంత యెఱిగిన ఇల్లాలికి ఆ చిక్కు చిటికెలో తీఱినది. చిరిగిన చీరలను, పంచెలను పొరలు పొరలుగా పఱచి టాకాలు వేసి శీతకాలమునకు బొంతలు కుట్టుట తెలుగునాట ఏ మిషనును నేర్పిన విద్య కాదు. పరదేశపు వేడుక కాలూనినది ఈ దేశపు పనితనము మీదనే యని నా నమ్మకము.

నూలు చీర నడుమ మొదట సడలును, అంచు చివరిదాక గట్టిగా నుండును. కనుక అంచును మూతికి దాచి, పమిట చెంగును పైకి తీసి, లోపల మెత్తబడిన పంచె నస్తరుగా వేయుదురు. పాత వార్తాపత్రికను మేజోటి ఆకృతిగా కత్తిరించి, దాని వెంబడి నాలుగు పొరలును కోసి, మంచివైపులు లోపలికి మడచి మూతి విడిచి చుట్టును కుట్టి, మడమ వంపుకడ కుట్టు తెగకుండ చిన్న గంట్లు పెట్టి తిరగవేయవలెను. ఆ గంట్లు మఱచినచో వంపు ముడుతలు పడి, మేజోడు కాస్త సంచివలె దిగజాఱును. చివర పాత లంగా నాడా ముక్కతో కొక్కెమునకు తగులు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన పిదప చీర యేదో పోల్చుకొనుట పిల్లలకు పందెము.

యుద్ధకాలమున 1943లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వము బట్టల నియంత్రణాజ్ఞ జారీ చేయవలసినంత కరవు వచ్చినది. 1934 నుండి ఓరుగల్లున ఆజంజాహీ మిల్లు నడుచుచున్నను హైదరాబాదు సంస్థానపు ప్రజలు బట్టకు నిశ్చింతగా నుండలేదు. అట్టి యేండ్లలో పాతబట్ట పొదుపు ముచ్చటగాక అవసరమైనది.

తెలుగు క్రైస్తవునకు క్రిస్మసనగా ముందుగా క్రొత్తబట్టలు. డిసెంబరున దర్జీల యొద్ద కుట్టుమిషను చప్పుడు రాత్రి పొద్దుపోవువఱకు నాగదు. కత్తెరకు రాలిన సాటిను పీలికలు, వెల్వెటు తునుకలు అడిగినవారి కుచితము, అడుగనివారికి చెత్త. అవి మేజోటిపై నక్షత్రములును పేరులోని మొదటి యక్షరమును అగును. 1938లో పబ్లికు గార్డెన్సులో మొదలై 1946 నుండి నాంపల్లి మైదానమునకు మాఱిన నుమాయిషు అను వార్షిక ప్రదర్శన మాత్రము జనవరి మొదటనే తెఱచును. అచ్చటి తునుకల బేరము ఎప్పుడును వారము ఆలస్యము, మఱుసటి యేటికి దాచుకొనవలసినదే.

ఇపుడు అంగళ్ళలో ఎఱ్ఱని ఫెల్టు మేజోళ్ళు తయారుగా దొరకును. చూచుటకు సొగసు గాని, రెండు నాగపూరు కమలాలు, గుప్పెడు వేరుసెనగలు, నాలుగు కజ్జికాయలు, మొజంజాహీ మార్కెట్టులో 1953 నుండి ఉన్న కరాచీ బేకరీ బిస్కత్తుల పొట్లము వేయగానే వాని అతుకు విడిపోవును. చీర అంచు మేజోడు ఇంతటి బరువును అన్నకు, పిదప తమ్మునికి, ఆపై వాని చెల్లెలికిని మోయగలదు.