డాక్టరుగారి జంట పడవ

ఉరితీసిన మనిషిని లేపి కూర్చోబెట్టిన వైద్యుడే, పన్నెండేళ్ల తర్వాత, యూరప్‌లో చరిత్రకెక్కిన తొలి జంట పడవ పందెం నెగ్గాడు. ఈ రెండూ ఒకే మనిషి ఘనకార్యాలని తెలిశాక నాకు కాసేపు మరో పని తోచలేదు.

ఆయన పేరు విలియం పెట్టీ. 1650 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో ఆన్ గ్రీన్ అనే పనిమనిషిని ఉరితీసి, వైద్య విద్యార్థులకు కోసి చూపించడానికి పెట్టెలో పంపారు. మూత తీస్తే గొంతులో గురక! పెట్టీ, థామస్ విల్లిస్ అనే తోటి వైద్యుడు కలిసి ఆమె ఒళ్లు రుద్ది, వెచ్చబరిచి బతికించారు. ఆ తర్వాత ఆమె పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నది కూడా. పెట్టీ ఐర్లండ్ చేరి, అక్కడి భూములు కొలిపించి, 1662లో డబ్లిన్‌లో పడవల మీద పడ్డాడు.

ఆయన లెక్క తేలికైనదే. వెడల్పాటి పడవ ఒరగదు, కానీ నీళ్లను నెట్టుకుంటూ నత్తనడక నడుస్తుంది. సన్నటి పడవ దూసుకుపోతుంది, కానీ తెరచాప మీద గాలి గట్టిగా పడితే బోల్తా కొడుతుంది. సన్నటివి రెండు తీసుకుని, ఎడంగా పెట్టి, పైన బల్లలు బిగిస్తే పోలా? నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కి గోదావరి దాటినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. లండన్ పెద్దలకు మాత్రం నవ్వొచ్చింది.

1663 జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, డబ్లిన్ అఖాతంలో పందెం పెట్టారు. జంట పడవ మామూలు పడవలన్నిటినీ వెనక్కి నెట్టింది. అదే ఏడాది వేసవిలో హోలీహెడ్ నుంచి డబ్లిన్‌కు టపా మోసే ఓడతో యాభై పౌండ్ల పందెం కాసి, అదీ గెలిచింది. అయినా మరుసటి ఫిబ్రవరిలో రెండో చార్లెస్ రాజు గంటా రెండు గంటలు కూర్చుని పెట్టీ పడవ మీద పరిహాసాలాడాడని శామ్యూల్ పెపిస్ డైరీలో రాసుకున్నాడు. పెట్టీ కట్టించిన మూడో పడవకు ‘ఎక్స్‌పెరిమెంట్’ అని పేరు పెట్టింది ఆ రాజుగారే. పాపం, అది 1665లో బిస్కే అఖాతంలో తుపానుకు చిక్కి మునిగింది. పెట్టీ మొండివాడు, 1684లో మరోటి కట్టించాడు. అదీ అచ్చిరాలేదు.

ఆ రోజుల్లో మన సంగతేమిటి? గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నం. 1669లో ఈ తీరానికి వచ్చిన థామస్ బౌరీ అనే వర్తకుడు ఏళ్ల తరబడి ఇటే తిరుగుతూ, ఇక్కడి తెప్పల్నీ పడవల్నీ బొమ్మలు గీసుకున్నాడు. తెప్పంటే ఏముంది? నాలుగు దుంగలు, తాళ్లు. మేకు ఉండదు, అల మీదుగా పోయినా మునగదు. వేట ముగిశాక విప్పి ఇసుకలో ఆరబెడితే మళ్లీ సిద్ధం. మద్రాసు రేవులో తెప్పవాళ్లు మొనదేలిన టోపీల్లో ఉత్తరాలు దాచి, అలలు దాటించి ఓడలకు అందించేవారు. అంత చేసినా వాళ్లకు ఎవరూ పందెం పెట్టి కప్పు చేతికివ్వలేదు.

తర్వాతి రెండు శతాబ్దాలూ ఒక్క అంగలో దాటేద్దాం. 1876లో న్యూయార్క్‌లో నథానియెల్ హెరెషాఫ్ అనే యువకుడు ‘అమరిలిస్’ అనే జంట పడవతో అందరినీ ఓడించాడు. ఓడినవాళ్లు గోలపెడితే ప్రైజు మరొకరికిచ్చి, ఆ జాతి పడవల్నే పోటీల నుంచి వెలివేశారు. పడవ మరీ జోరుగా పోవడమే అది చేసిన నేరం.

మళ్లీ డబ్లిన్ అఖాతమే ఒక మంచి పని చేసింది. 1887లో అక్కడ ‘వాటర్ వాగ్’ డింగీలు, అంటే చిన్న తెరచాప పడవలు, వచ్చాయి. అన్నీ ఒకే కొలత, ఒకే తీరు. డబ్బున్నవాడు జోరైన పడవ కొనుక్కుని గెలిచే దారి మూసుకుపోయింది, చేతి పనితనమే మిగిలింది. నేటి డింగీ పందేలకు మూలం ఈ సమానత్వమే. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ప్లైవుడ్‌తో చేసిన ఆప్టిమిస్ట్ కూడా ఈ వరసలోదే.

ఆ ఆప్టిమిస్టులు ఇప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తిరుగుతున్నాయి. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1560లలో తవ్వించిన చెరువది. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్లు. సికింద్రాబాద్‌లోని సైన్యం ఇంజినీర్లు, ఈఎంఈ వాళ్లు, ఇక్కడ తెరచాప పందేలు నిలబెట్టారు. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వానాకాలంలోనే జరుగుతుంది, పడమటి గాలి బలంగా ఉండేది అప్పుడే కనుక. శీతాకాలంలో గాలి మెత్తబడి పడవలు బద్ధకిస్తాయి. 2009లో సుహేమ్ షేక్ పెట్టిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేదింటి పిల్లల చేతికి చుక్కాని ఇచ్చింది. వాటర్ వాగ్ మొదలుపెట్టిన పనికి ఇది అసలైన కొనసాగింపని నా అభిప్రాయం.

ఇదే ఊళ్లోని మా కాప్రా చెరువులో మాత్రం పడవ ముచ్చట ఎత్తలేం. దాన్ని గుర్రపుడెక్క మింగింది. తీరంలో తెప్పల్నేమో ఇంజను బిగించిన ఫైబర్ బోట్లు మింగాయి. సులువు పెరిగింది, ప్రాణభయం తగ్గింది, కాదనను. కానీ మబ్బును, అలను చూసి గాలి మలుపు చెప్పే విద్య తెప్పతోపాటే అటకెక్కింది. ఆ విద్య ఉన్నవాళ్లను ఏ క్లబ్బూ పిలిచి సభ్యత్వం ఇవ్వలేదు.

నన్నడిగితే, గాలి పడిపోయిన డిసెంబరులో హుస్సేన్‌సాగర్ మీద తెప్పల పందెం ఒకటి పెట్టాలి. తెడ్డుంటే చాలు, గాలితో పనిలేదు. మా పక్కనే ఉన్న సైనిక్‌పురి నుంచి రిటైర్డ్ కర్నల్స్ రావాలి, భీమిలి నుంచి మత్స్యకారులు రావాలి. ఎవరి మీద పందెం కాయాలో నేనిప్పుడే చెప్పగలను. కర్నల్ గారు కోప్పడకపోతే.