ముంగిటి బాట - మోటారు శాల

ఇంటి చరిత్రను వ్రాయువారు నడవను గూర్చి, వంటయింటిని గూర్చి, పడకటింటిని గూర్చి విస్తరించి వ్రాయుదురు. బండి నిలుపు చోటును గూర్చి వ్రాయువారు అరుదు. ఐనను ఒక కుటుంబము కూలివానిని పిలువక తన చేతులతో ఎంత పని చేసికొనగలదో తెలిసికొనవలెనన్నచో, ఇంటిలోని ఏ గదికన్నను ఈ చోటే ఎక్కువ సాక్ష్యము చెప్పును. మన పల్లెలలో ఎడ్లబండికి సావిడి యుండెడిది. రెండు గుంజలు పాతి, పైన తాటాకు కప్పిన చాలును. రైతే దానిని వేసికొనెడివాడు, రైతే బాగుచేసికొనెడివాడు. మోటారుబండి వచ్చిన పిమ్మట పాశ్చాత్య దేశములలో, అందు ముఖ్యముగ అమెరికాలో, ఈ సావిడియే వింతవింత రూపములు దాల్చినది. ఆ కథను సంగ్రహముగ చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మోటారు రాకపూర్వము ధనికులకు గుఱ్ఱపుబండ్లుండెడివి. లండను నగరమున గొప్ప ఇండ్ల వెనుక వరుసలుగా గుఱ్ఱపుశాలలు కట్టిరి. క్రింద గుఱ్ఱములు, బండ్లు; పైన బండి తోలువాని కాపురము. ఈ సందులకు ‘మ్యూస్’ అని పేరు. ఆ మాట మొదట రాజుగారి వేటడేగలను ఈకలు రాల్చు కాలమున ఉంచు శాలకు చెల్లినది. ఆ శాల యున్న తావున తరువాత గుఱ్ఱములను కట్టుటచే పేరు గుఱ్ఱములకు సంక్రమించినది. నేడు ఆ శాలలలో పెక్కింటియందు మనుష్యులే నివసించుచున్నారు! గారేజి అను మాట ఫ్రెంచివారిది. దానికి మూలమైన క్రియకు ‘భద్రమైన చోటికి చేర్చుట’ అని అర్థము. మనవారు దీనిని మోటారు షెడ్డు అని వాడుకచేసికొనిరి.

అమెరికాలో మోటారు షెడ్డు చరిత్ర ఒక గోడను పగులగొట్టుటతో ఆరంభమైనదని చెప్పవచ్చును. డిట్రాయిట్ నగరమున బాగ్లీ వీధిలో ఒక అద్దె యింటి వెనుక బొగ్గు, కట్టెలు వేసికొను ఇటుకల కొట్టమొకటి యుండెను. ఆ ఇంట కాపురమున్న హెన్రీ ఫోర్డు పగలు ఎడిసన్ విద్యుద్దీపముల కంపెనీలో ఇంజనీరుగ పనిచేయుచు, రాత్రులందు ఆ కొట్టములో తన మొదటి మోటారుబండిని కూర్చుచుండెను. 1896వ సంవత్సరము జూన్ 4వ తేదీ తెల్లవారుజామున బండి సిద్ధమయ్యెను. దానికి నాలుగు సైకిలు చక్రములు. బరువు సుమారు 500 పౌనులు. తీరా బయటికి నడుపబోవ, బండి వాకిలికంటె వెడల్పుగ నుండెను! ఇన్ని నెలలు శ్రమించినవాడు ఈ చిన్న లెక్కను చూడమఱచెను. ఫోర్డు గొడ్డలి తీసికొని వాకిలి ప్రక్కనున్న ఇటుకలను పడగొట్టి బండిని వీధిలోనికి తెచ్చెను. ఇంటి యజమాని మొదట కోపించి, బండిని చూచిన మీదట శాంతించి, ఆ రంధ్రమునకు తలుపులు పెట్టించుకొమ్మని సలహా చెప్పెనని కథ. కొలతలు ముందుగ చూచుకొనుమని ఇంటి పనివారికి చెప్పుటకు ఇంతకన్న మంచి దృష్టాంతము లేదు.

తరువాతి ఇరువది సంవత్సరములలో మోటారు సామాన్య గృహస్థుల యింటికి వచ్చెను. పెట్రోలు అంటుకొనునను భయముచే షెడ్డును ఇంటికి దూరముగ, స్థలమునకు వెనుక మూలను కట్టెడివారు. వీధి నుండి అంతదూరము బాట వేయుట ఖర్చుతో కూడిన పని. అందుచే పొదుపరులైన గృహస్థులు రెండు చక్రములు నడచు మేర మాత్రమే రెండు కాంక్రీటు పట్టెలు పోసి, నడుమ పచ్చిక పెంచిరి. సగము సిమెంటుతో పని ముగిసెను. నడుమనున్న నేల వాననీటిని త్రాగెను. ఈ మర్యాద తరువాత మఱుగుపడినను, నేటి ఇంజనీర్లు దీనినే మరల మెచ్చుకొనుచున్నారు.

బాట వేయు విద్యకు పెద్ద గురువు స్కాట్లండువాడగు జాన్ మకాడము. 1816లో బ్రిస్టలు ప్రాంతపు బాటలకు అధికారియైన ఈయన కనుగొనిన సూత్రము మిక్కిలి సులభమైనది. బరువును మోయునది పైనున్న రాయి కాదు, క్రిందనున్న నేల. ఆ నేల పొడిగ నున్నంతకాలము బాట చెడదు. కనుక చిన్నచిన్న ముక్కలుగ కొట్టిన కంకరను బిగువుగ పఱచి, నీరు ఇరుప్రక్కలకు జారునట్లు వాలు ఉంచవలెనని ఆయన చెప్పెను. ఇంటి ముంగిట పదిగజముల బాట వేసికొనువానికి గూడ నేటికిని ఇదే సూత్రము. పైపూత ఎంత అందముగ నున్నను, క్రింద నీరు నిలిచినచో బాట రెండు వర్షకాలములైన నిలువదు.

షెడ్డు కట్టుట తెలియనివారికి వ్యాపారులు త్రోవ చూపిరి. సియర్స్ అను గొప్ప వర్తకసంస్థ 1908 మొదలు 1940 వరకు ఇండ్లనే జాబితాలు చూపి తపాలామూలమున అమ్మెను. కోసి సిద్ధపఱచిన కలప రైలుమీద వచ్చెడిది. దానితో మేకులును, ఏ ముక్క ఎచ్చట బిగింపవలెనో తెలుపు పటములును ఉండెడివి. మోటారు షెడ్లు గూడ ఈ విధముగనే అమ్ముడుపోయినవి. సుత్తి పట్టగలిగిన గృహస్థుడు బంధుమిత్రుల సాయముతో దానిని నిలుపుకొనెడివాడు.

ఇక తలుపు సంగతి. గుఱ్ఱపుశాలల రీతిని రెక్కల తలుపులు పెట్టుటచే మంచు కురిసిన దినములలో ముందు మంచును తవ్విన గాని తలుపు తెఱచుకొనెడిది కాదు. 1921లో సి. జి. జాన్సన్ అనునాతడు పైకి లేచు తలుపును కల్పించెను. పలకలుగ అతికిన తలుపు రెండు ప్రక్కల గాడిలో జారి ఇంటికప్పు క్రిందకు చేరును. బలమైన స్ప్రింగు దాని బరువును మోయును. కావున పిల్లవాడైనను ఎత్తగలడు. 1926లో ఈయనయే విద్యుచ్ఛక్తితో తెఱచుకొను యంత్రమును గూడ చేసెను. ఒక తలుపు మార్పుచే షెడ్డు ఇంటి ముందుభాగమునకు వచ్చుటకు వీలు కలిగెను.

శిల్పులలో ఫ్రాంక్ లాయిడ్ రైటు ఈ విషయమున మొదటినుండియు ఆసక్తి చూపెను. 1910లో చికాగోలో పూర్తియైన రోబీ గృహమునకు మూడు బండ్ల షెడ్డును ఇంటితో కలిపియే కట్టెను. కాని దేశము ఆర్థికముగ క్రుంగిన తరువాత ఆయన దృష్టి సామాన్యుని ఇంటివైపు మరలెను. మేడిసన్ నగరములో హెర్బర్టు జాకబ్స్ అను పత్రికారచయితకు 1937లో ఆయన కట్టిన చిన్న ఇల్లు, శిల్పి రుసుముతో గూడ 5,500 డాలర్లకే పూర్తియయ్యెను. అందు షెడ్డు లేదు; ఇంటికప్పునే ముందునకు చాచి, దాని నీడలో బండి నిలుపునట్లు చేసెను. మోటారు గుఱ్ఱము కాదు, దానికి శాల యేల అని ఆయన వాదము. తలుపులు లేవు, గోడలు తక్కువ. మన పందిరికి ఇది దూరపు చుట్టమని తోచును.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట తిరిగివచ్చిన సైనికులకు ఇండ్లు లేక పెద్ద కొఱత ఏర్పడెను. న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలెండులోని బంగాళదుంపల పొలములలో లెవిట్ సంస్థవారు 1947లో ఇండ్లు కట్టనారంభించి, 1951 నాటికి 17,447 ఇండ్లు నిలిపిరి. పని ముమ్మరముగ సాగిన కాలమున దినమునకు ముప్పది ఇండ్లు లేచెడివి. మొదటి ఇండ్లు 750 చదరపు అడుగులు మాత్రమే. పై అంతస్తు అసంపూర్ణముగ విడువబడెను. మోటారు షెడ్డు లేనే లేదు. అన్ని ఇండ్లును ఒకే అచ్చున పోసినట్లుండుటచే, త్రాగినవాడు తన ఇల్లు కనుగొనలేడని పరిహాసకులు ఎగతాళి చేసిరి.

కాని ఎగతాళి చేసినవారు ఒక సంగతిని ఊహింపలేదు. ఇల్లు అసంపూర్ణముగ నుండుటయే గృహస్థునకు ఆహ్వానమయ్యెను. ఆదివారములందు తండ్రులు బాట కొలిచి, మన్ను తవ్వి, కంకర దిమ్మిస చేసి, నాలుగు అంగుళముల మందమున కాంక్రీటు పోసిరి. కాంక్రీటు ఎండుచు కుంచించుకొని తప్పక పగులును. పగులును మానుపలేము గాని, అది ఎచ్చట పగులవలెనో మనము నిర్ణయింపగలము. ప్రతి ఎనిమిది పది అడుగులకు మందములో నాలుగవవంతు లోతున అడ్డుగీత కోసినచో, పగులు ఆ గీత వెంబడియే పోయి కంటికి కనబడదు. పోసిన పిదప వారము దినములు తడిపినచో గట్టిపడును. ఇట్టి కిటుకులు పొరుగువాని నుండి పొరుగువాడు నేర్చుకొనెను. ఒకని షెడ్డును చూచి మఱియొకడు కట్టెను. ఒకడు అందు బల్ల వేసి వడ్రంగము సాగించెను, ఒకడు దానిని పిల్లల గదిగ మార్చెను. కొలదికాలములోనే ఒక ఇంటికిని మఱియొక ఇంటికిని పోలిక తప్పెను.

ఈ కథకు ఒక చీకటిప్రక్క గలదు. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. లెవిట్‌వారు తమ ఇండ్లను తెల్లవారికి మాత్రమే ఇచ్చిరి. ఇట్టి నిబంధనలను న్యాయస్థానములు అమలుపఱుపరాదని 1948లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినను, వారి పద్ధతి మాఱలేదు. యుద్ధమున పనిచేసిన నల్లజాతి సైనికుడు డబ్బు చేతబట్టుకొని వచ్చినను ఇల్లు దొరకలేదు. 1957 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రములోని లెవిట్‌టౌనునకు విలియం మయర్సు, డెయిజీ మయర్సు అను నల్లజాతి దంపతులు తమ పిల్లలతో కాపురమునకు రాగా, మూకలు గుమిగూడి రాళ్లు రువ్వినవి. దంపతులు కదలలేదు, మంచి పొరుగువారు కొందఱు అండగ నిలిచిరి. తన ముంగిటిని తాను బాగుచేసికొను హక్కు అందఱికి సమానముగ దక్కినది కాదని ఈ ఉదంతము తెలుపుచున్నది. ఇల్లు పెంచుకొనినవారి ఆస్తి పెరిగెను. ఇల్లే దొరకనివారి బిడ్డలకు ఆ ఆస్తి అందలేదు.

స్వహస్తములతో పనిచేసికొను ఈ అలవాటు 1950వ దశకమున పెద్ద వేలంవెఱ్ఱిగ మాఱెను. బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1917లోనే తుపాకి పిడివంటి పిడిగల విద్యుత్తు బరమాకు పేటెంటు పొంది, 1946లో గృహస్థులకు వేఱుగ చవుక పనిముట్లు చేసెను. టైము పత్రిక 1954 ఆగస్టు 2వ తేదీ సంచికకు ఈ అలవాటునే ముఖచిత్రముగ వేసెను. కూలి పెరుగుట ఒక కారణము. దినమెల్ల కార్యాలయమున కాగితములు త్రిప్పినవానికి, సాయంకాలము తాను చేసిన వస్తువును కంటితో చూచుకొనుటలోని తృప్తి మఱియొక కారణము.

ఈ షెడ్ల నుండి పుట్టినవి గూడ స్వల్పము కావు. కాలిఫోర్నియాలో పాలో ఆల్టో పట్టణమున 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవుగల ఒక షెడ్డులో విలియం హ్యూలెట్, డేవిడ్ పకార్డు అను యువకులిరువురు 1938లో పనికి కూర్చుండిరి. వారి మూలధనము 538 డాలర్లు. ధ్వనిని పరీక్షించు వారి యంత్రములను ఎనిమిదింటిని వాల్ట్ డిస్నీ సంస్థ ‘ఫాంటాసియా’ చిత్రనిర్మాణమునకై కొనెను. ధ్వనిప్రసారమును ఆదరించు రేడియో శ్రోతలకు ఈ ముచ్చట రుచించునని తలంతును. ఆ షెడ్డును 1989లో ఆ రాష్ట్రప్రభుత్వము చారిత్రక స్థలముగ ప్రకటించినది.

ఇంతవఱకు లాభములు చెప్పితిమి. ప్రమాదములను గూడ చెప్పవలెను. మూసిన షెడ్డులో ఇంజను నడిపినచో కార్బన్ మోనాక్సైడు అను వాయువు నిండును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిన్ ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లు అధికముగ దానిని పట్టుకొనును. నిద్రవచ్చినట్లుండి ప్రాణము పోవును. తలుపు తెఱచియున్నను లోపల ఇంజను నడుపరాదు. అట్లే యంత్రముతో మూసికొను తలుపుల క్రింద చిక్కి పసిపిల్లలు మరణించుటచే, 1993 నుండి అమెరికాలో అడ్డు తగిలిన వెంటనే వెనుకకు మరలు ఏర్పాటు లేని యంత్రములను చేయరాదని శాసనమయ్యెను. తలుపు స్ప్రింగులో బిగిసియున్న శక్తి మిక్కిలి భయంకరము. ఎంత నేర్పరియైన గృహస్థుడైనను దానిని విప్పు పనిని తెలిసినవానికి విడుచుట మేలు.

చివరిమాట నీటిని గూర్చినది. 50 చదరపు మీటర్ల ముంగిటిపై 25 మిల్లీమీటర్ల వాన కురిసినచో 1,250 లీటర్ల నీరు చేరును. ముంగిలి అంతయు సిమెంటుతో కప్పినవాడు ఆ నీటిని పొరుగువాని గుమ్మమునకు పంపినట్లే. అందుచే నేడు రాళ్లనడుమ సందులు విడిచి, క్రింద కంకర పఱచి, నీటిని నేలకు ఇంకించు బాటలు వేయుచున్నారు. వాలు మాత్రము ఇంటినుండి వీధివైపునకు, అడుగునకు కాలంగుళము చొప్పున, ఉండవలెను. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములును, హైదరాబాదు, విజయవాడలలో ముంగిలి అంతయు బండలు పఱచుచున్న గృహస్థులును ఈ లెక్కను ఒకమాఱు వేసికొనిన బాగుండును. పాతకాలపు రెండు పట్టెల బాటలో నడుమనున్న పచ్చిక పొదుపు కొఱకు విడిచినదే. ఐనను మన బావిలోని నీటిమట్టమునకు అదియే మేలు చేయును. సెలవు దినమున చేతికి పలుగు తీసికొనదలచిన గృహస్థుడు ఆ పచ్చిక పట్టెతో పని ప్రారంభింపవచ్చును.