నెటిల్ మొక్క: ఉపయోగచరిత్రపై ఒక పరిశీలన

ఐరోపాయందును హిమాలయసానువులందును విరివిగా పెరుగు నెటిల్ అను మొక్కను వృక్షశాస్త్రజ్ఞులు ఉర్టికా డయోయికా యందురు. కుమావూఁ ప్రాంతమున దీనికి బిచ్చూఘాస్, అనగా తేలుగడ్డి, యని పేరు. తెలుగున దీనిని దురదగొండి యనుట పొరపాటునకు దారితీయును. ఆ పేరు మన ప్రాంతమున ట్రాజియా, ముకునా జాతుల మొక్కలకు చెల్లుచున్నది. అవి వేఱు కుటుంబములవి. ఒకదాని గుణములను వేఱొకదానికి అంటగట్టినచో వైద్యమున హాని కలుగును. కావున నెటిల్ అను పేరునే ఇందు వాడుచున్నాము.

ఈ మొక్కను కరవుకాలపు తిండిగను, పేదవారి బట్టగను వర్ణించుట పరిపాటి. ఆ యభిప్రాయము ఎంతవఱకు నిలుచునో పరిశీలించుట మా యుద్దేశము.

ఆహారవిషయమున ఈ మాటకు కొంత ఆధారము లేకపోలేదు. టిబెటు యోగి మిలారేపా గుహలలో తపస్సు చేయుచు ఈ యాకులనే తిని బ్రతికెననియు, ఆతని దేహము ఆకుపచ్చనయ్యెననియు 1488లో రచింపబడిన ఆతని చరిత్ర చెప్పుచున్నది. అయినను 1661లో ఆంగ్ల నౌకాశాఖోద్యోగియైన శామ్యూల్ పీప్స్ నెటిల్ జావ తిని, అది మిక్కిలి బాగుండెనని దినచర్యలో వ్రాసికొనెను. ఆతడు తిండికి లేనివాడు కాడు. లేత యాకులను ఉడికించినచో కుట్టు గుణము పోవును. వానియందు మాంసకృత్తులు, ఇనుము, కాల్షియము సమృద్ధిగా నున్నవి.

నారవిషయమున సాక్ష్యము మఱింత విస్పష్టము. డెన్మార్కునందలి ఫ్యూన్ ద్వీపమున లూసెహాయ్ అను సమాధిదిబ్బలో, క్రీ. పూ. 940–750 నడిమి కాలమునకు చెందిన కంచుపాత్ర లభించెను. అందు దహనానంతరము మిగిలిన యస్థులను ఒక నాణ్యమైన వస్త్రమున చుట్టియుంచిరి. అది నెటిల్ నారతో నేసినదని 2012లో ప్రకటింపబడిన పరిశోధన నిర్ధారించినది. దారమునందలి స్ట్రాంటియము ఐసోటోపులనుబట్టి ఆ నార స్థానికము కాదనియు, ఆస్ట్రియా ప్రాంతమునుండి వచ్చియుండవచ్చుననియు పరిశోధకులు తలంచిరి. అవిసె సాగు తెలిసియున్న కాలమున, దూరదేశపు నెటిల్ వస్త్రమున ధనికుని యస్థులను చుట్టిరన్న, అది గతిలేనివారి బట్ట కాదని స్పష్టమగుచున్నది.

భాషయు ఇందుకు సాక్షి. జర్మనునందలి నెస్సెల్‌టూఖ్, డచ్చినందలి నేటెల్‌డూక్ అను పదములకు మూలార్థము నెటిల్ బట్ట. కాలక్రమమున అవి పలుచని నూలుబట్టకు పేర్లయ్యెను. సన్నని బట్టకు ఆ పేరే తగెనన్న, పూర్వపు నారబట్టయు ముతకది కాదని ఊహింపవచ్చును. వాడుక సన్నగిలినను పదము నిలిచినది.

మొదటి ప్రపంచయుద్ధమున నౌకాదిగ్బంధమువలన ప్రత్తి కొఱవడగా జర్మనీ ఈ నారను సైనికవస్త్రములకు వాడెను. తరువాత గుస్తావ్ బ్రెడెమాన్ ఎన్నిక చేసి పెంచిన రకములలో, కాండమునందలి నార పాలు ఇంచుమించు 5 శాతమునుండి 17 శాతము వఱకు పెరిగెను. ఆతని గ్రంథము 1959లో వెలువడెను. కాని అడవిమొక్కనుండి నార విడదీయుట శ్రమతో కూడినది. ప్రత్తి మరల చౌకగా లభింపగా దానితో పోటీకి ఇది నిలువలేదు. ఈ ఆపద్ధర్మపు వాడుకయే జనుల జ్ఞాపకమున మిగిలినది.

నేపాలునందలి సంఖువాసభా జిల్లాలో రాయి స్త్రీలు ఇదే కుటుంబమునకు చెందిన అల్లో, అనగా గిరార్డినియా, నారను బూడిదనీట ఉడికించి, వడికి, నేయుదురు. అది వారికి యుద్ధకాలపు ఉపాయము కాదు, తరతరముల వృత్తి.

వైద్యమున క్రీ. శ. 1వ శతాబ్దివాడైన డయోస్కోరిడిస్ దీని యాకులను, గింజలను పేర్కొనెను. నొప్పిగల యవయవములను ఈ మొక్కతో కొట్టు ఆచారము ఐరోపాయందు చిరకాలము సాగెను. కుట్టెడి నూగునందలి ద్రవమున హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ కలవని 1947లో ఎమ్మెలిన్, ఫెల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. 2000లో ప్రకటింపబడిన యొక పరీక్షయందు, ఈ యాకు కుట్టుటచే బొటనవ్రేలి మూలపు నొప్పి తగ్గినట్లు తేలినది. అందు పాల్గొన్నవారు 27 మందియే యగుటచే దానిని తుదితీర్పుగా గ్రహింపరాదు.

కావున నెటిల్ కేవలము లేమికాలపు మొక్క యనుట చరిత్రకు సరిపడదు. లేమి దానిని వెలికి తెచ్చినది. అంతకుముందే కోరి వాడినవారు కలరు. ఒక వస్తువు కడపటి దశనుబట్టి దాని పూర్వచరిత్రను నిర్ణయింపరాదనుటకు ఇది చక్కని నిదర్శనమని మా యభిప్రాయము.