సుగ్గి నుంచి ఎర్రమంచి వరకు: అనంతపురం వలసలు, శ్రామిక విపణి

అనంతపురం వలసలను గురించిన రచనల్లో కరువే ఏకైక కారణంగా కనిపించడం పరిపాటి. సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే ఈ వర్షచ్ఛాయా ప్రాంతంలో ఆ మాట కాదనలేనిదే. అయితే వాన లేకపోవడం మనిషిని ఊరు విడిచేలా చేస్తుందే గాని, అతడు ఎక్కడికి వెళ్లాలో, ఏ షరతుల మీద పనిచేయాలో నిర్ణయించదు. వాటిని నిర్ణయించేవి కూలి రేటు, మేస్త్రీ ఇచ్చే బయానా, దూరం, చట్టం.

రాయలసీమ పశ్చిమ ప్రాంత వ్యవహారంలో ‘సుగ్గికి పోవడం’ అంటే పంట కోతల కాలంలో కూలికి పరాయి సీమకు వెళ్లడం. కన్నడంలో సుగ్గి అంటే పంట చేతికొచ్చే కాలం, దాని వెంట వచ్చే సంబరం. సరిహద్దుకు ఇవతల ఆ మాట ఇతరుల పంటకు పరిమితమైంది. గుంటూరు ప్రాంతపు మిరప, పత్తి చేల సుగ్గి ఇక్కడి ఇళ్లకు తాళాలు పడే కాలం. పదం అర్థసంకోచం చెందిన తీరులోనే ఒక ఆర్థిక చరిత్ర ఉంది.

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన ఈ ప్రాంతం, 1882లో అనంతపురం జిల్లాగా ఏర్పడేవరకు బళ్లారి జిల్లాలో అంతర్భాగం. 1876-78 నాటి ధాతు కరువులో ఇక్కడ కూలి ధరను నిర్ణయించింది ప్రభుత్వమే. 1877లో రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల్లో వయోజన పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ ఆ కొలతను తీవ్రంగా ప్రతిఘటించాడు. పొరుగున మైసూరు కూడా అదే కరువులో చిక్కుకుంది. వెళ్లడానికి మరో చోటు లేని శ్రామికుడికి బేరమాడే శక్తి ఉండదు. తరువాతి కాలపు వలసను కేవలం విషాదంగా చూసే విమర్శ ఈ అంశాన్ని విస్మరిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో వేరుశనగ జిల్లా సాగుభూమిలో అత్యధిక భాగాన్ని ఆక్రమించింది. ఏకపంట సేద్యంలో పని విత్తడం, కలుపు తీయడం, కాయ పీకడం అనే కొద్ది వారాలకు కుదించుకుపోతుంది. సింగమనేని నారాయణ కథ ‘జూదం’ శీర్షికే ఈ సేద్య స్వభావాన్ని చెబుతుంది. కాని ఆ జూదంలో ఆడకుండానే లాభపడినవారు బెంగళూరు కట్టడాల కాంట్రాక్టర్లు. హిందూపురం నుంచి ఆ నగరం సుమారు 100 కిలోమీటర్లు. వానొస్తే ఊరికి తిరిగి వచ్చి విత్తనం వేయవచ్చు, రాకుంటే సిమెంటు మోయవచ్చు. పని చేసిన దినాలకే కాంట్రాక్టరు కూలి ఇస్తాడు. పని లేని దినాల తిండి, ముసలివారి పోషణ, పిల్లల సాకుడు ఊరి మీద పడతాయి. చౌక కూలి అనే మాటలో ఈ లెక్క ఎన్నడూ కనిపించదు. మరోవైపు వాన బాగా కురిసిన ఏడు ఊళ్లోని రైతు బెంగళూరు కూలితో పోటీపడవలసి వస్తుంది. ‘కూలీలు దొరకరు’ అని వాపోయే చిన్న రైతు తానే నిరుటి వేసవిలో నగరంలో కూలీ అయి ఉండడమూ అరుదు కాదు.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభం కావడం యాదృచ్ఛికం కాదు. ఊళ్లోనే వంద రోజుల పని అంటే బేరానికి ఒక ఆధారం. అయితే మేస్త్రీ బయానా ముందే చేతికి వస్తుంది, పథకం కూలి పని అయ్యాక గాని రాదు. అప్పున్న ఇంటికి ఈ తేడాయే నిర్ణాయకం. 1979 నాటి అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ద్వారా వెళ్లినవారికే వర్తించేది. సొంతంగా బస్సెక్కినవారు దాని లెక్కలోకి రాలేదు.

కదిరి ప్రాంతం నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీల స్థితి వేరు. కఫాలా పద్ధతిలో యజమాని అనుమతి లేకుండా పని మారడం దాదాపు అసాధ్యం. యజమానిని మార్చుకోలేని చోట విపణి అనే మాటకు అర్థం లేదు. ఇలా వెళ్లే స్త్రీకి భారత ప్రభుత్వం విధించిన 30 ఏళ్ల కనీస వయస్సు రక్షణ కోసమే గాని, దొంగదారి ఏజెంట్లకూ అదే గిరాకీ తెచ్చింది.

2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించడంతో ప్రవాహం కొంత వెనుదిరిగింది. కొరియా నిపుణులు వచ్చారు, కొరియన్ లిపిలో బోర్డులు వెలిశాయి. అదే ఏడు ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని శాసనసభ చట్టం చేసింది. కర్మాగారానికి కావలసింది ఐటీఐ, డిప్లొమా చదివినవారు. కాయ పీకే కుటుంబం ఆ గేటు ముందునుంచే 44వ నంబరు జాతీయ రహదారి మీద బెంగళూరుకు సాగిపోతూనే ఉంది.

స్థానికత వాదానికి రెండో అంచు 2024 జూలైలో బయటపడింది. కర్ణాటక మంత్రివర్గం ప్రైవేటు సంస్థల్లో స్థానిక కోటా బిల్లును ఆమోదించి, పరిశ్రమల వ్యతిరేకతతో పక్కన పెట్టింది. ఆ బిల్లు ప్రకారం స్థానికుడు కావాలంటే అక్కడే పుట్టి, 15 ఏళ్లు నివసించి, కన్నడం మాట్లాడడమే గాక చదవడం, రాయడం తెలిసి ఉండాలి. దినసరి కట్టడపు కూలికి అది ఎంతవరకు వర్తించేదన్నది వేరే చర్చ. కాని మూడు వైపులా కర్ణాటక చుట్టుకొని ఉన్న మడకశిరలో రెండు భాషలూ ఇంటి భాషలే. ఇక్కడ 75 శాతంలో స్థానికుడైన మనిషి, కొన్ని మైళ్ల అవతల తాను పుట్టినప్పటినుంచి మాట్లాడే భాషలోనే పరాయివాడయ్యేవాడు.