ఎడమకాలి టోర్నమెంటు

సంక్రాంతికి బహదూర్‌పురా డాబాల మీద పతంగుల పేచీ పడిందంటే, చెయ్యి చేసే పని రెండు రకాలుగా విడిపోతుంది. దారం వదులుతూ అవతలివాడి మాంజాను కోయడం ఢీల్, గుంజి కోయడం ఖీంచ్. ఏ క్షణంలో ఏది పనికొస్తుందో గాలీ, ఎదుటి దారమూ తేలుస్తాయి గానీ ఎగరేసేవాడి ఇష్టం కాదు. ఇలా పరిసరాలు మారుతుంటే వాటికి తగ్గట్టు మారే పనిని ఓపెన్ స్కిల్ అనీ, గుండు విసరడంలా మొదలూ తుదీ మన చేతిలోనే ఉండే పనిని క్లోజ్డ్ స్కిల్ అనీ వ్యాయామ విద్య పుస్తకాలు చెబుతాయి. ఈ విభజనను బ్రిటిష్ మనస్తత్వవేత్త ఇ.సి. పౌల్టన్ 1957లో ఫ్యాక్టరీ పనుల కోసం చేశారు. దాన్ని ఆటలకు అన్వయిస్తూ బార్బరా నాప్ రాసిన ‘స్కిల్ ఇన్ స్పోర్ట్’ 1963లో వచ్చింది. అదే ఏడాది జూన్‌లో హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. బహదూర్‌పురాలో జూ పార్కు తెరిచిందీ ఆ సంవత్సరమే. జూ పార్కు ఊరందరికీ తెలుసు, రహీం సాబ్ మాత్రం తన మీద సినిమా వచ్చేదాకా కొద్దిమందికే తెలుసు. ఆటలో నైపుణ్యాలను విడదీసి చూడటం మన దగ్గర పుస్తకంతో మొదలవలేదనీ, ఆయన పెట్టిన టోర్నమెంట్ల నియమాల్లోనే ఆ పని జరిగిపోయిందనీ నా వాదన.

రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1940లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, 1950 నుంచి చనిపోయేదాకా సిటీ పోలీస్ జట్టుకు కోచ్‌గా ఉన్నారు. ఆయన పెట్టిన పోటీల్లో ఒకదానిలో డ్రిబ్లింగ్ నిషేధం. ఇంకోదానిలో బలహీనమైన కాలితోనే ఆడాలి. పొట్టివాళ్లకు వేరే పోటీ. వినడానికి సరదా పందేల్లా ఉంటాయి. కానీ మొదటి నియమం ఆటగాడి నుంచి ఏం లాక్కుంటుందో చూడండి. బంతిని కాలి దగ్గర పెట్టుకుని, తన వేగంతో తాను, ఆలోచించుకుంటూ పోయే వెసులుబాటు పోయింది. ఇక బంతి తన దగ్గరికి రాకముందే తలెత్తి చూసి, ఎవరికివ్వాలో తేల్చుకోవాలి. అంటే కాలికి పెట్టిన పరీక్ష కంటికీ నిర్ణయానికీ మారింది. రెండో నియమం ఇంకా లోతైనది. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తన్నాలంటే ఒంటి బరువంతా కుడికాలి మీద నిలవాలి, తుంటి తిరిగే దిక్కు మారాలి, చేతులు కూడా వేరే పక్కకు తూగాలి. అది వంటబట్టాక ఎడమ పక్కకొచ్చిన బంతి కోసం ఒళ్లంతా తిప్పుకోనక్కర్లేదు. ఆ అర సెకనులోనే పాస్ వెళ్లిపోతుంది. ఒక నైపుణ్యాన్ని మిగతా వాటి నుంచి విడదీసి, నియమంతో చుట్టూ కంచె కట్టి, దాన్నొక్కదాన్నే సానబెట్టడం ఇది. కదలికల సమన్వయంలో ఇలాంటి ‘పరిమితుల’ పాత్రను అమెరికాలో కార్ల్ న్యూవెల్ సిద్ధాంతంగా రాసింది 1986లో.

ఫలితాలు చెప్పుకోదగ్గవే. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో మనవాళ్లు. మధ్యలో 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 10-1 పరాభవం ఉంది. భారత ఆటగాళ్లలో చాలామంది ఆ చలిలో వట్టి కాళ్లతో ఆడారు. దాన్ని దాచనక్కర్లేదు.

మూడు అభ్యంతరాలు సహజం. పోలీసు ఉద్యోగం, నెల జీతం ఉన్నవాడు బాగా ఆడక ఏం చేస్తాడని ఒకటి. ఆ మాటలో నిజముంది. సిటీ అఫ్ఘాన్స్ పేరుతో ఉన్న రోజుల నుంచే ఆ జట్టు గట్టిది. అయితే జీతం సాధనకు తీరిక ఇస్తుంది గానీ, ఒక్క తాకిడితో పాస్ ఇచ్చే ఆటను ఎవరికీ నేర్పదు. రెండోది, ఇది కోచ్ చిట్కా తప్ప వర్గీకరణ కాదని. పేర్లు పెట్టి పట్టిక గీస్తేనే వర్గీకరణ అయితే ఒప్పుకుంటాను. కానీ ఏ నైపుణ్యం దేనికి తోడు, ఏది దేన్ని అడ్డుకుంటుంది అని తెలియనివాడు డ్రిబ్లింగ్ తీసేద్దామని అనుకోడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరసలో ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. ఒక స్థానంలో అబ్బిన విద్య ఇంకో స్థానానికి ఎంతవరకు బదిలీ అవుతుందో లెక్క తెలిసినవాడి నిర్ణయమది.

మూడోది బరువైనది. అంత మంచి పద్ధతి అయితే ఆయనతోనే ఎందుకు పోయింది? ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు 1962 తర్వాత స్వర్ణం రాలేదు, 1970లో కాంస్యం ఒక్కటే. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. హైదరాబాద్ ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోవడం అందులో ఒకటి. కానీ పద్ధతి తప్పని మాత్రం ఇది రుజువు చేయదు. పద్ధతి పోటీల్లో బతికింది, పోటీలు ఆగాక ఆగింది. నాప్ రాసింది కాబట్టి ఆమె విభజనను ఈనాటి బీపీఈడీ విద్యార్థి కూడా బట్టీ పడుతున్నాడు.

పాతబస్తీ బడుల పీఈటీలకు నా విన్నపం ఒక్కటే. పరీక్షలో ఓపెన్, క్లోజ్డ్ తేడా రాయించినంత మాత్రాన సరిపోదు, ఒక ఆదివారం ఎడమకాలి టోర్నమెంటు పెట్టి చూడండి. దానికి ఒక బంతి, ఒక విజిల్ ఉంటే చాలు.