రాజీ - ఒడఁబడిక

"రాజీ" యను మాటకు సమాధానము, సమ్మతి, ఒడఁబడిక యని యర్థములు చెప్పుట వాడుక. ఇవి యన్నియు నొకదానికొకటి ప్రతిపదములని చదువరి తలఁచుట సహజము. కాని కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల వ్యవహారము నరసిచూచినచో నవి సమానార్థకములు గావని తోఁచుచున్నది. ఆ భేదమునకు వ్యాకరణముకంటెఁ జరిత్రమే హేతువని నా యభిప్రాయము.

ముందు దేశ్యపదమును జూతము. "ఒడఁబడు" ధాతువు కవిత్రయమువారి నాఁటికే ప్రసిద్ధము. అఱవమున "ఉడన్‌పడు", కన్నడమున "ఒడంబడు" దీనికిఁ దోఁబుట్టువులు. అఱవపు "ఉడన్", కన్నడపు "ఒడనె" యనునవి "కూడ, తోడ" యను నర్థము నిచ్చును. కావున నొడఁబడుట యనఁగా నెదుటివానితోఁ గూడి యొకచోటికిఁ జేరుట. వాక్యమున నొకఁడే కర్తగా నున్నను రెండవవాఁడు ధాతువులోనే దాఁగి యున్నాఁడు. "సంధి" యన్ననో రాజనీతిలోని మాట, షాడ్గుణ్యమున మొదటిది. అది రచ్చకట్టమీఁదికి దిగి రాలేదు. "సమాధానము" దిగి వచ్చినది గాని, ప్రత్యుత్తర మను నర్థము ముదిరి సంధి యను నర్థమును గొంత వెనుకకు నెట్టినది.

"రాజీ" యరబ్బీపదము. దానికి మూలార్థము సంతుష్టుఁడు, ఇష్టపడినవాఁడు అని. ఓటమి గాని లొంగుబాటు గాని యందు లేశమును లేదు. ఇట్టి పారసీకారబ్బీ పదములు కడపసీమలో స్థిరపడుటకు మార్గము తెఱచినది గోలకొండవారి పాలనము. జమ్మలమడుగునకుఁ జేరువనున్న గండికోటను 1650 ప్రాంతమున మీర్ జుమ్లా పెమ్మసానివారినుండి గైకొనెను. అటుపిమ్మట లెక్కలును దస్తావేజులును గ్రొత్తమాటలతో నిండినవి. 1820లోఁ గడపకు వచ్చి తెలుఁగు నేర్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, ఇట్టి యన్యదేశ్యములకై ప్రత్యేకముగ నొక నిఘంటువునే 1854లోఁ బ్రకటింపవలసివచ్చె నన్న వాని విస్తారము తెలియఁగలదు.

1800 అక్టోబరు 12వ తేది సంధిచే నైజాము ఈ సీమను గుంఫిణీవారికి దత్తము చేసెను. థామస్ మన్రో 1807 వఱకు దత్తమండలములకుఁ బ్రధానకలెక్టరుగా నుండి రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఆ పద్ధతిలో రైతు సాగుచేయఁజాలని నేలను వదలుకొనవచ్చును. ఇష్టపూర్వకముగనే వదలుచున్నానని యాతఁడు వ్రాసియిచ్చు పత్రమునకు "రాజీనామా" యని పేరు. వ్యాజ్యము తీర్చుకొన్న వాది ప్రతివాదులు దాఖలు చేయు కాగితమునకును నదే పేరు. నేఁడు తెలుఁగున రాజీనామా యనఁగా నుద్యోగము వదలుకొనుట మాత్రమే. ఇష్టమును దెలుపు పదము వదలుకొనుటను దెలుపుట కిట్లు మరగినది. ఎండి బీడువడిన నేలను వదలుకొనువానికి "ఇష్టపూర్వకముగ" నను మాట యెట్లు తోఁచియుండునో యూహింపవచ్చును.

పాళెగాండ్రకును దొరతనమునకును జరిగిన యేర్పాటులు మఱియు విచారింపఁదగినవి. మన్రో వచ్చునాఁటికి దత్తమండలములలో 80 మంది పాళెగాండ్రుండిరి. ఎదిరించినవారు పాళెములఁ బోఁగొట్టుకొనిరి; పెక్కండ్రకు నెలవారి భరణము, అనఁగాఁ దవర్జీ, మిగిలెను. నాఁడు కడప జిల్లాలోనే యుండిన కోయిలకుంట్ల ప్రాంతమువాఁడగు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వాటాకు వచ్చినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో నాతఁడు తిరుగఁబడినపుడు వెంట నడచినవారిలోఁ గట్టుబడి మాన్యములు పోయినవా రనేకులు. "కట్టుబడి" యనునదియు నొడఁబడికకు దగ్గఱిచుట్టమే: కొలువు చేయువాఁడును మాన్య మిచ్చువాఁడును మాటకుఁ గట్టువడుట. ఒక పక్షము కట్టు విప్పెను. రెండవ పక్షము కత్తి పట్టెను. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డి నురితీసిరి.

ఇఁక నేఁటి వాడుక. గ్రామకక్షలకుఁ బేరుపడిన యీ సీమలో "రాజీ" తేలికమాట గాదు. నేను వినినంతవఱకుఁ బెద్దమనుష్యులు "రాజీ కాండప్పా" అందురు. "రాజీపడండి" యనుట యరుదు. "వాళ్లు రాజీ అయినారు" అన్నచో నిరుపక్షముల గౌరవమును నిలిచినట్లు. "వాఁడు రాజీపడినాఁడు" అన్నచో నొక్కఁడే తగ్గినట్లు. పత్రికలును "రాజీలేని పోరాటము" అని మెచ్చుకొనుచున్నవి గదా. దోషము పడుధాతువునకుఁ గట్టరాదు. ఇష్టపడు, ఒడఁబడు అనుచోట్ల నా ధాతువే యుండియు నవమానము లేదు. బలవంతుని కచ్చేరిలో వ్రాయఁబడిన రాజీలను జనులు తరతరములుగఁ జూచుటయే కారణమని నేననుకొందును. 1987 చట్టము ననుసరించి యేర్పడిన లోక్ అదాలతులు "రాజీమార్గమే రాజమార్గము" అని చాటుచు నీ పదమునకుఁ బూర్వగౌరవమును గూర్పఁజూచుచున్నవి. అచటి తీర్పునకు సివిలుకోర్టు డిక్రీతో సమానమైన బలము గలదు, అప్పీలు లేదు, కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. ఐనను వెలుపలికి వచ్చిన కక్షిదారుని "రాజీ అయినావా, రాజీపడినావా" యని యూరు తూఁచకపోదు.

1937 నవంబరు 16వ తేదిని మద్రాసులోఁ గాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు గృహమునఁ గోస్తావారును రాయలసీమవారును జేసికొన్న యేర్పాటునకు "శ్రీబాగు ఒడంబడిక" యనియే పేరు నిలిచినది. రాయలసీమ పక్షమున సంతకము చేసినవారిలోఁ గడప కోటిరెడ్డిగా రొకరు. అందు నీటివిషయమునఁ దుంగభద్ర, కృష్ణలతోఁ బాటు పెన్నయుఁ బేర్కొనఁబడినది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు లా పెన్న చెంతనే యున్నవి. దానిని శ్రీబాగు రాజీ యని యెవ్వరు ననరు. అది నెఱవేఱలేదని నేఁటికిని వాదించు రాయలసీమవారు సైతము "ఒడంబడిక తప్పిరి" అందురే గాని "మేము రాజీపడితిమి" అనరు. తాము నడిగితిమి, వారు నిచ్చెదమనిరి యను హక్కు మొదటి మాటలో నున్నది. ఇఁకముందు నిఘంటువు కూర్చువారు రాజీయగు, రాజీపడు అను రెంటిని వేఱువేఱు పంక్తులలో నుంచి, ఒడఁబడు ధాతువును మొదటిదానికి మాత్రమే ప్రతిపదముగఁ జూపుట యుచితము.